‘యూరాలజిస్టును కలవండి’ అని రాసిచ్చేవారికి ఒక కూతురి బహిరంగ లేఖ

రాష్ట్రాల ఆరోగ్య శాఖలను నడుపుతున్న అధికారులకు, యూరాలజిస్టుల సంఘాల పెద్దలకు,

నమస్కారం.

నేను డాక్టర్ని కాను. మా నాన్నకు వచ్చిన జబ్బు కూడా అరుదైనదేం కాదు, పెద్ద వయసు మగవాళ్లలో చాలామందికి వచ్చేదే. అయినా దానికి చూపించుకోవాల్సిన డాక్టర్ ఎవరో తెలుసుకోవడానికి, తెలిశాక ఆ డాక్టర్ ముందు కూర్చోవడానికి మాకు 19 రోజులు పట్టింది. ఆ 19 రోజుల గురించే ఈ ఉత్తరం.

అంతకుముందు రెండేళ్లుగా నాన్నకు రాత్రి నిద్ర లేదు. నాలుగైదుసార్లు లేచేవారు. బాత్రూంలో చాలాసేపు నిలబడేవారు. వచ్చి పడుకున్న పావుగంటకే మళ్లీ లేచేవారు. అమ్మ అడిగితే “వయసు కదా” అనేవారు. నేను అడిగితే మాట మార్చేవారు. కూతురితో చెప్పుకునే విషయం కాదనుకున్నారు. ఒకసారి జలుబు చేసి ముక్కు దిబ్బడ వేస్తే మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చుకున్నారు. మర్నాడు సాయంత్రం నుంచి మూత్రం ఒక్క చుక్క రాలేదు. రాత్రి పదకొండింటికి పొత్తికడుపు రాయిలా బిగుసుకుపోయి, ఒళ్లంతా చెమటలు పట్టాక, ఇక ఓర్చుకోలేక అప్పుడు చెప్పారు.

ముక్కు దిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్ లాంటి మందులు మూత్రాశయం మెడ దగ్గరి కండరాన్ని బిగిస్తాయట. మత్తు తెప్పించే పాత రకం జలుబు మాత్రలు మూత్రాశయం ముడుచుకునే బలాన్ని తగ్గిస్తాయట. మగవాళ్లలో మూత్రాశయం కింద మూత్రనాళం చుట్టూ ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి ఉన్నవాళ్లకు ఈ రెండూ కలిస్తే ఉన్నట్టుండి దారి మూసుకుపోవచ్చు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ మాత్రలు అమ్మినాయన “రాత్రిళ్లు మూత్రానికి ఎక్కువసార్లు లేస్తారా?” అని ఒక్క మాట అడిగి ఉంటే ఆ రాత్రి వచ్చేది కాదేమో.

అత్యవసర విభాగంలో మూత్రం బయటికి తీసే పైపు వేశారు. 1,200 మిల్లీలీటర్లు వచ్చింది. మామూలుగా 400, 500 చేరేసరికే మనుషులు ఆగలేరు. ఆ పది నిమిషాల్లో నాన్న ముఖంలోకి ప్రాణం తిరిగి రావడం నా కళ్లతో చూశాను. ఆ డ్యూటీ డాక్టర్‌కు, ఆ నర్సుకు నేను రుణపడి ఉన్నాను. రక్త పరీక్షలో, కిడ్నీల పనితీరును చెప్పే క్రియాటినిన్ ఎక్కువగా ఉందని కూడా వాళ్లే చెప్పారు. పొద్దున్నే పైపుతోనే ఇంటికి పంపుతూ ఒక చీటీ చేతిలో పెట్టారు. మందుల పేర్ల కింద ఒకే ఒక లైను ఉంది: “యూరాలజిస్టును కలవండి.”

ఎవరిని కలవాలి, ఎక్కడ, ఎన్ని రోజుల్లోపు? చీటీలో అవేవీ లేవు. అడుగుదామని వెనక్కి వెళ్తే డ్యూటీ మారిపోయింది.

మేము ముందు వెళ్లింది నెఫ్రాలజిస్టు దగ్గరికి. బోర్డు మీద కిడ్నీ డాక్టర్ అని ఉంది, మాకు అంతవరకే తెలుసు. నాలుగు రోజుల తర్వాత దొరికిన అపాయింట్‌మెంట్ అది. ఆయన ఓపిగ్గా విని, “ఇది నా పని కాదమ్మా, యూరాలజిస్టు చూడాలి” అన్నారు. తర్వాత ఫోన్‌లో వెతికి ఒక పేరు పట్టుకున్నాం. అక్కడికి వెళ్తే ఆయన వేరే ఊరికి మారి చాలా కాలమైందని వాచ్‌మన్ చెప్పాడు. మూడోచోట బోర్డు మీద యూరాలజీ అని ఉంది కానీ అక్కడ యూరాలజిస్టు వారానికి ఒక్కరోజే వస్తారు, ఆ వారం రాలేదు. 12వ రోజు నాన్నకు పైపు వల్ల ఇన్ఫెక్షన్ వచ్చి వణుకుతో జ్వరం పట్టుకుంది. మళ్లీ అత్యవసర విభాగం. మళ్లీ అదే లైను రాసిచ్చారు.

19వ రోజు ఒక యూరాలజిస్టు దొరికారు. పరీక్ష చేసి, స్కానింగ్ చూసి, ప్రోస్టేట్, మూత్రాశయం మెడ దగ్గరి కండరాలను వదులు చేసే టామ్‌సులోసిన్ అనే మందు మొదలుపెట్టి, కొన్నాళ్లాగి పైపు తీసి చూశారు. మళ్లీ ఆగిపోయింది. దాంతో మూత్రనాళం గుండానే పరికరం పంపి, అడ్డుపడ్డ ప్రోస్టేట్ భాగాన్ని తీసేసే ఆపరేషన్ చేశారు. పైన ఎక్కడా కోత లేదు. నాన్న ఇప్పుడు రాత్రి ఒకసారి లేస్తారు. క్రియాటినిన్ తగ్గింది, కానీ పూర్తిగా మామూలు స్థాయికి రాలేదు. రెండేళ్లు మూత్రం పూర్తిగా బయటికి పోక వెనక్కి ఒత్తిడి పెడితే కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయని, ముందే వచ్చి ఉంటే మాత్రలతోనే సరిపోయేదేమోనని ఆ డాక్టర్ చెప్పారు. ఆ మాట విన్నప్పుడు నాన్న నా వైపు చూడలేదు.

ఇందులో చెడ్డవాళ్లెవరూ లేరు. అందరూ ఎవరి పని వాళ్లు చేశారు. కానీ ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి వెళ్లే దారి మాత్రం ఎవరి బాధ్యతా కాలేదు. ఆ దారిని మీ బాధ్యతగా తీసుకోమని అడగడానికే మీకు రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. యూరాలజిస్టు అంటే ఏం చేస్తారని మీ చుట్టుపక్కల పదిమందిని అడిగి చూడండి. కొందరు కిడ్నీ డాక్టర్ అంటారు. కొందరు గొంతు తగ్గించి మగవాళ్ల డాక్టర్ అంటారు. రెండూ సగం సగం మాటలే. కిడ్నీల్లో తయారైన మూత్రం బయటికి వచ్చే దారంతా, అంటే కిడ్నీలు, వాటి నుంచి కిందికి దిగే నాళాలు, మూత్రాశయం, బయటికి వెళ్లే మూత్రనాళం, ఇవన్నీ ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా పిల్లలకైనా యూరాలజిస్టే చూస్తారు. మగవాళ్లలో ప్రోస్టేట్, వృషణాలు, అంగం, సంతానానికి సంబంధించిన నాళాలు కూడా వారి కిందికే వస్తాయి. నెఫ్రాలజిస్టు చూసేది కిడ్నీ లోపలి పనితీరు: షుగర్, బీపీ వల్ల కిడ్నీ దెబ్బతినడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం, డయాలసిస్. దారిలో రాయి, అడ్డు, గడ్డ, ఇరుకు ఉంటే యూరాలజిస్టు, అవసరమైతే ఆపరేషన్ చేసేదీ వారే. కిడ్నీ మార్పిడిలో ఇద్దరూ కలిసి పనిచేస్తారు. ఇంత చిన్న సంగతి ప్రతి ఆస్పత్రి ఓపీ కౌంటర్ దగ్గర ఒక బోర్డు మీద రాసి ఉంటే మాకు ఆ నాలుగు రోజులు మిగిలేవి.

ఇది కొత్తగా పుట్టిన విద్య కూడా కాదు. హిప్పోక్రటీస్ పేరుతో వైద్యులు చేసే పురాతన ప్రమాణంలోనే, రాళ్లున్నవాళ్లను నేను కోయను, ఆ పని తెలిసినవాళ్లకే వదిలేస్తాను అనే అర్థం వచ్చే మాట ఒకటి ఉంది. అంటే ఆ కాలంలోనే మామూలు వైద్యుడికి తన పని ఎక్కడ ఆగుతుందో, ఆ తర్వాత పని ఎవరిదో తెలుసు. ఆ పని చేసేవాళ్లు ఎక్కడుంటారో ఊళ్లో జనానికీ తెలిసే ఉంటుంది. 1879లో మాక్స్ నిట్జ్ వియన్నాలో మూత్రాశయం లోపలికి వెలుగు పంపి చూసే గొట్టాన్ని చూపించారు. 1980లో మ్యూనిక్‌లో క్రిస్టియన్ షౌసీ బృందం బయటి నుంచి తరంగాలు పంపి కిడ్నీలో రాయిని పొడి చేసింది. ప్రోస్టేట్ క్యాన్సర్‌ను హార్మోన్ల ద్వారా అదుపు చేయవచ్చని చూపించిన యూరాలజిస్టు చార్లెస్ హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ ఇచ్చారు. లోపలికి వెళ్లే దారులు ఇన్ని కనిపెట్టారు. రోగి బయటి నుంచి డాక్టర్ దాకా వచ్చే దారి మాత్రం మా ఇంటి గుమ్మం దగ్గరే తెగిపోయింది.

ఆడవాళ్ల విషయం విడిగా చెప్పాలి. నాన్న ఆపరేషన్ అయ్యాక వార్డు బయట కూర్చున్నప్పుడు అమ్మ నెమ్మదిగా అడిగింది, “ఈయన ఆడవాళ్లను కూడా చూస్తారా?” అని. దగ్గినా నవ్వినా బరువెత్తినా ఆమెకు మూత్రం కారిపోతోందని, ఏడేళ్లుగా అలాగే ఉందని అప్పుడు తెలిసింది. పెళ్లిళ్లకు వెళ్లడం ఎందుకు మానేసిందో, బస్సు ఎక్కేముందు రోజంతా నీళ్లు ఎందుకు తాగదో అప్పుడు అర్థమైంది. నేను ఒక ఆడపిల్లనై ఉండి ఏడేళ్లు గమనించలేదు. కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాన్ని 1948లో ఆర్నాల్డ్ కీగెల్ ప్రచారంలోకి తెచ్చారు. ఇలా దగ్గితే కారే సమస్యకు ఇప్పటికీ ముందు చెప్పే వైద్యం అదే. సరైన కండరాన్ని బిగించడం నేర్చుకుని మూడు నెలలు క్రమం తప్పకుండా చేయాలి. అమ్మకు ఫిజియోథెరపిస్టు నేర్పింది. మూడో నెల చివర ఆమె తనంతట తాను ప్రయాణానికి టికెట్ తీయమంది. ఆపుకోలేని తొందరకు మందులు వేరు, గర్భసంచి జారితే దారి వేరు, అవసరమైతే ఆపరేషన్లు ఉన్నాయి. ఆరు నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే ప్రతిసారీ యాంటీబయోటిక్ కొనుక్కుని సరిపెట్టుకోకూడదు, కారణం వెతకాలి. ఇవన్నీ చూసే యూరాలజిస్టులు, ఈ పనిలోనే ప్రత్యేకంగా శిక్షణ తీసుకున్న యూరోగైనకాలజిస్టులు ఉన్నారని అమ్మకు ఎవరూ చెప్పలేదు. యూరాలజీ విభాగం తలుపు మీద “స్త్రీలు, పురుషులు, పిల్లలు” అన్న మూడు మాటలు రాయడానికి మీకు ఖర్చేమీ కాదు.

అంతకంటే భయపెట్టే సంగతి రక్తం. మూత్రంలో కంటికి కనిపించేలా రక్తం ఒక్కసారి వచ్చి, నొప్పి లేకుండా, మళ్లీ దానంతట అది ఆగిపోయినా యూరాలజిస్టు చూసి తీరాలి. మూత్రాశయ క్యాన్సర్ చాలాసార్లు మొదట చెప్పే మాట అదే. పొగ తాగేవాళ్లలో ముప్పు ఎక్కువ. ఈ క్యాన్సర్లలో దాదాపు సగానికి పొగాకే కారణం. ఆడవాళ్లలో రక్తం కనిపిస్తే ఇన్ఫెక్షన్ అనో నెలసరి తాలూకు అనో అనుకుని మందులు మారుస్తూ పోతారు, దాంతో వాళ్లకు జబ్బు బయటపడటం ఆలస్యమవుతోంది. ఇక్కడ కుటుంబ డాక్టర్లకు మీరు ఇవ్వాల్సిన ఆదేశం సూటిగా ఉండాలి: ఇన్ఫెక్షన్ పరీక్షలో రుజువు కాకపోయినా, తగ్గాక కూడా రక్తం కనిపించినా, యూరాలజిస్టు దగ్గరికి పంపండి. “రక్తం ఆగిపోయింది కదా” అనే ధైర్యం మీద ఎవర్నీ ఇంటికి పంపకండి.

ఇక గంటల లెక్కలో జరిగేవి ఉన్నాయి. వీటి గురించి రాస్తుంటే నాకు టెన్షన్ వస్తోంది, ఎందుకంటే మా దారిలో వెళ్లినట్టు వెళ్తే ఇక్కడ ఏమీ మిగలదు.

మగపిల్లాడికి, ముఖ్యంగా 12 నుంచి 18 ఏళ్ల వయసులో, ఉన్నట్టుండి ఒక వృషణం దగ్గర భరించలేని నొప్పి, వాంతులు వస్తే అది మెలిపడి ఉండొచ్చు. రక్తం అందే తాడు మెలిపడితే ఆరు గంటల్లోపు విప్పగలిగితే వృషణం దాదాపుగా నిలుస్తుంది. ఆ తర్వాత గంట గంటకూ ఆశ తగ్గుతుంది. ఈ పిల్లలు చాలాసార్లు సిగ్గుతో “కడుపు నొప్పి” అని మాత్రమే చెబుతారు. అమ్మానాన్నలు కడుపుకు మందిచ్చి పొద్దున చూద్దాం అనుకుంటారు. తెల్లారేసరికి ఆరు గంటలు దాటిపోతాయి. స్కూల్లో టీచర్లకు, బళ్లలో పీఈటీలకు, అత్యవసర ఫోన్ ఎత్తేవాళ్లకు ఈ ఒక్క సంగతి నేర్పండి. అంతకు మించి, ఏ రాత్రి ఏ ఆస్పత్రిలో యూరాలజిస్టు డ్యూటీలో ఉన్నారో ఆ ఫోన్ ఎత్తేవాళ్ల ముందు రాసి ఉండాలి. పిల్లాణ్ని తీసుకుని మూడు ఆస్పత్రుల గేట్లు తిరిగే టైం అక్కడ లేదు.

రెండోది, నాళంలో రాయి అడ్డుపడి ఉండగా చలితో జ్వరం రావడం. రాయి నొప్పి ఎంత పెద్దదైనా దానివల్ల ప్రాణం పోదు. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతట అవే దిగిపోతాయి కూడా. కానీ ఆగిపోయిన మూత్రంలో చీము చేరితే ఆ ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కుతుంది. అప్పుడు యాంటీబయోటిక్ ఒక్కటే సరిపోదు, లోపల స్టెంట్ అనే గొట్టం వేసో, వీపు వైపు నుంచి సన్నని గొట్టం పెట్టో ఆ మూత్రాన్ని వెంటనే బయటికి తీయాలి. రాయిని తర్వాత చూసుకోవచ్చు. రాయి నొప్పితో వచ్చిన ప్రతి మనిషికీ “జ్వరం వస్తే ఒక్క రాత్రి కూడా ఆగకుండా రండి” అని చెప్పి పంపడం తప్పనిసరి చేయండి.

మూడోది మా నాన్నకు జరిగినదే.

స్టెంట్ గురించి ఇంకొక మాట. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వేసే డీజే స్టెంట్ అనే సన్నని గొట్టం రాయి ఆపరేషన్ల తర్వాత చాలామందికి వేస్తారు. అది లోపలే ఉండిపోయేది కాదు. డాక్టర్ చెప్పిన గడువులో, రకాన్ని బట్టి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తీయించుకోవాలి. నొప్పి తగ్గిపోగానే చాలామంది మర్చిపోతారు. కొందరికి అసలు లోపల ఏదో ఉందన్న సంగతే తెలియదు. ఏళ్ల తరబడి ఉండిపోతే దాని చుట్టూ రాళ్లు కట్టి, తీయడానికి పెద్ద ఆపరేషన్లు కావలసి వస్తాయి, కొన్నిసార్లు కిడ్నీయే పోతుంది. వార్డులో నాన్న పక్క మంచం ఆయనది ఇదే కథ. రాయి ఎప్పుడో తీశారు, స్టెంట్ సంగతి ఎవరూ గట్టిగా చెప్పలేదు. స్టెంట్ వేసిన ప్రతి ఆస్పత్రీ తేదీతో ఒక రిజిస్టర్ ఉంచాలని, తీయాల్సిన తేదీకి వారం ముందు రోగికి ఫోన్ చేయాలని, ఇంట్లో ఇంకొకరి నంబరు కూడా తీసుకోవాలని మీరు ఒక ఉత్తర్వు ఇవ్వండి. యూరాలజిస్టుల సంఘాలవారు ఆ రిజిస్టర్ నమూనా తయారు చేసి ఇవ్వగలరు. నేను ఈ ఉత్తరంలో అడుగుతున్నవాటిలో అన్నిటికంటే సులువైనది ఇదే.

పిల్లల సంగతి కొంచెం. మగపిల్లాడికి ఒక వృషణం కిందికి దిగలేదంటే ఆరు నెలల దాకా చూసి, అప్పటికీ దిగకపోతే ఏడాదిన్నర లోపు ఆపరేషన్ చేయించాలి. పెద్దయ్యాక చూద్దాం అనుకుంటే సంతానం విషయంలోనూ క్యాన్సర్ విషయంలోనూ ముప్పు పెరుగుతుంది. మూత్రం సన్నటి ధారగా, ముక్కుతూ పోసే పసివాణ్ని, జ్వరంతో మూత్ర ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వచ్చే పాపను పిల్లల యూరాలజీ తెలిసినవారు చూడాలి. టీకాల కోసం ప్రతి పసిబిడ్డా మీ సిబ్బంది చేతుల్లోకి వస్తుంది. అక్కడే ఒక్కసారి చూసి పంపితే చాలు.

సంతానం లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా కారణం ఉంటుంది. అయినా పరీక్షలన్నీ ముందు ఆడమనిషికే జరుగుతాయి. ఆమెకు ఏళ్లు గడిచాక ఆయనకు ఒక వీర్య పరీక్ష రాస్తారు. మొదటి రోజే ఇద్దరికీ పరీక్ష రాయాలని, తేడా ఉంటే మగవాణ్ని యూరాలజిస్టు దగ్గరికి పంపాలని నియమం పెట్టండి. అంగస్తంభన సమస్య కూడా ఇలాంటిదే. ప్రకటనలు చూసి రహస్యంగా మందులు కొనుక్కునేవాళ్లకు, అక్కడి సన్నటి రక్తనాళాలు మూసుకోవడం గుండె రక్తనాళాల జబ్బుకు ముందస్తు సూచన కావచ్చని ఎవరు చెబుతారు? డాక్టర్ ముందు కూర్చుంటే గుండె కూడా చూపించుకునేవారు.

ఇప్పుడు నా అసలు కోరిక. ప్రతి రాష్ట్రం తన యూరాలజిస్టుల జాబితాను జిల్లాల వారీగా ప్రజలందరికీ కనిపించేలా పెట్టాలి. పేర్ల చాంతాడు ఒకటి పెట్టి ఊరుకుంటే లాభం లేదు, అలాంటిదాన్ని పట్టుకునే మేము ఖాళీ గది ముందు నిలబడ్డాం. మా లాంటివాళ్లకు పనికొచ్చేలా ఉండాలంటే ఆ డాక్టర్ అసలు యూరాలజీలో శిక్షణ పూర్తిచేసి నమోదైనవారేనా, ఏ రోజు ఏ టైంలో ఎక్కడ కూర్చుంటారు, రాత్రి పిలిస్తే వస్తారా, ఇవి ముందు ఉండాలి. ఆ తర్వాత వారు ఎక్కువగా చేసే పని ఏమిటో ఉండాలి. ఒకరు రాళ్ల పనిలో చేయి తిరిగినవారు, ఒకరు క్యాన్సర్ ఆపరేషన్లు, ఒకరు ఆడవాళ్ల సమస్యలు, ఒకరు పిల్లలు. రాయి రెండు సెంటీమీటర్లు దాటితే సాధారణంగా వీపు నుంచి చిన్న రంధ్రం చేసి తీస్తారు, చిన్నదైతే మూత్రనాళం గుండా వెళ్లి లేజర్‌తో పొడి చేస్తారు, కొన్నిటికి బయటి తరంగాలు చాలు. ఏ ఆస్పత్రిలో ఏ పరికరం ఉందో తెలియకపోతే రోగికి జబ్బుకు తగిన వైద్యం కాకుండా అక్కడ ఉన్న పరికరానికి తగిన వైద్యం దొరుకుతుంది.

యూరాలజిస్టు లేని జిల్లాలు ఉంటే ఆ సంగతి దాచకుండా రాయండి. అక్కడివాళ్లు ఏ జిల్లాకు వెళ్లాలో, నెలకు ఎన్నిసార్లు ఎవరు వచ్చి చూస్తారో దాని పక్కనే రాయండి. ఖాళీ గడి కనిపిస్తే కనీసం అడిగే హక్కు జనానికి వస్తుంది. ప్రతి పేరు పక్కనా ఆ వివరం చివరిసారి ఎప్పుడు సరిచూశారో తేదీ ఉండాలి. ఫోన్, ఇంటర్నెట్ చేతకానివాళ్ల కోసం అదే జాబితా ప్రతి ప్రాథమిక ఆస్పత్రి గోడ మీద పెద్ద అక్షరాల్లో, వాళ్ల భాషలో ఉండాలి. ప్రోస్టేట్ రోగుల్లో ఎక్కువమంది కళ్లజోడు పెట్టుకునే వయసువాళ్లే.

ఇక ఆ చీటీ. పైపు వేసి పంపే ప్రతి చీటీ మీదా డాక్టర్ పేరు, చోటు, ఫలానా తేదీ లోపు అన్నది తప్పనిసరి చేయండి. వీలైతే పంపేవాళ్లే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసి ఇవ్వాలి. నొప్పితో ఉన్న ముసలాయనకు, భయపడి ఉన్న కూతురికి ఆ రాత్రి తర్వాత వెతికే శక్తి ఉండదు.

యూరాలజిస్టుల సంఘాల పెద్దలకు ప్రత్యేకంగా ఒక మనవి. మీ దగ్గరికి వచ్చే మనిషి తన జీవితంలో ఎవరికీ చెప్పని మాట మీకు చెప్పడానికి వస్తాడు. కన్సల్టింగ్ గదిలో ఇంకో ఇద్దరు రోగులు నిలబడి ఉంటే చెప్పడు. చెప్పకుండానే మాత్రలు రాయించుకుని వెళ్లిపోతాడు. మా డాక్టర్ గారు నన్ను కాసేపు బయట కూర్చోమని నాన్నతో ఒంటరిగా మాట్లాడారు. రెండేళ్లు మా ఎవరికీ చెప్పనివన్నీ ఆయనకు పది నిమిషాల్లో చెప్పారు నాన్న. తర్వాత నన్ను పిలిచి, ఏది నాకు చెప్పమన్నారో అంతవరకే చెప్పారు. ఆ పద్ధతి అందరిదీ కావాలి. ఆడ యూరాలజిస్టులు తక్కువ ఉన్నచోట కనీసం పరీక్ష సమయంలో ఒక నర్సు పక్కన ఉండటం, కర్టెన్ ఉండటం, ఏం చేయబోతున్నారో ముందే చెప్పడం అడక్కుండానే జరగాలి.

ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానంతో చేసే పీఎస్‌ఏ అనే రక్త పరీక్ష గురించి కూడా రోగికి ముందే చెప్పండి. ప్రోస్టేట్ పెరిగినా, ఇన్ఫెక్షన్ వచ్చినా, మూత్రం ఆగిపోయినా ఆ అంకె పెరుగుతుంది. నాన్నకు పైపు ఉన్న రోజుల్లోనే ఎవరో ఆ పరీక్ష రాశారు. అంకె ఎక్కువ వచ్చింది. క్యాన్సర్ అనుకుని మా ఇంట్లో వారం రోజులు ఎవరూ సరిగా అన్నం తినలేదు. ఇన్ఫెక్షన్ తగ్గాక కొన్ని వారాలాగి మళ్లీ చేయిస్తే దిగిపోయింది. ప్రోస్టేట్ పెరగడం వేరు, క్యాన్సర్ వేరు, మొదటిది రెండోదిగా మారదు అన్న ఒక్క వాక్యం ఆ వారాన్ని తప్పించేది. టామ్‌సులోసిన్ వాడే పెద్దవాళ్లకు లేవగానే కళ్లు తిరగొచ్చని, కంటిలో శుక్లం ఆపరేషన్ చేయించుకునే ముందు ఈ మందు సంగతి కంటి డాక్టర్‌కు చెప్పాలని కూడా రాసివ్వండి. నాన్నకు ఆ రెండో సంగతి ఫార్మసిస్టు చెప్పాడు, అదృష్టం.

మా వంతు పని మేము చేస్తాం. యూరాలజిస్టు దగ్గరికి వెళ్లేముందు మూడు రోజుల పాటు ఎన్నిసార్లు వెళ్లాం, ఎంత వచ్చింది, ఎంత తాగాం అని కొలిచి రాసుకుని రావచ్చు. నాన్న ఒక పాత కొలత గ్లాసుతో రాసిన ఆ మూడు రోజుల కాగితం స్కానింగ్ కంటే ఎక్కువ చెప్పిందని డాక్టర్ అన్నారు. వాడే మందులన్నీ, ముఖ్యంగా రక్తం పల్చబడే మందులు, సంచిలో వేసుకుని రావచ్చు. ఈ ఆపరేషన్ మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు, చేయించుకోకపోతే ఏమవుతుంది, వేరే దారి ఉందా అని మర్యాదగా అడగొచ్చు. ఇలా అడిగితే కోపం తెచ్చుకోని డాక్టర్‌నే మేము ఎంచుకుంటాం.

జాబితా సరిచూసే సిబ్బంది లేరని మీరు అంటారేమో. దానికీ ఒక దారి చెబుతాను. ఆ వార్డులో పరిచయమైన కుటుంబాలవాళ్లం తొమ్మిదిమంది ఇప్పటికీ ఫోన్‌లో మాట్లాడుకుంటున్నాం. మీరు జాబితా పెట్టండి. మూడు నెలలకొకసారి అందులోని ప్రతి నంబరుకూ ఫోన్ చేసి, డాక్టర్ ఉన్నారా, ఏ రోజు చూస్తారు, రాత్రి వస్తారా అని అడిగి, మారినవి మీకు రాసి పంపే పని మేము తీసుకుంటాం. ప్రతి జిల్లాలోనూ ఇలాంటి కుటుంబాలు దొరుకుతాయి. మొదటి జాబితా ఎప్పుడు పెడతారో ఒక తేదీ చెప్పండి, ఆ మర్నాటి నుంచే ఫోన్లు మొదలుపెడతాం.

ఇట్లు,
ఒక రోగి కూతురు